రగ్బీ కాంట్రాక్టా, మెడిసినా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. మా అబ్బాయికి 17 ఏళ్లు. కెమిస్ట్రీలో క్లాస్ ఫస్ట్. ఒక ప్రొఫెషనల్ రగ్బీ క్లబ్ వాళ్లు అకాడమీ కాంట్రాక్ట్ ఇస్తామంటున్నారు. వీడేమో మెడిసిన్ వద్దంటున్నాడు. మనవాళ్ల పిల్లలెవరూ ఈ దారిలో లేరు. చాలా టెన్షన్‌గా ఉంది. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: కెమిస్ట్రీలో ఎన్నో ర్యాంకో రాశారు. గ్రౌండ్‌లో ఏ పొజిషన్‌లో ఆడతాడో రాయలేదు. మీకు తెలియదేమోనని నా అనుమానం. కోపం తెచ్చుకోకండి, క్రికెట్ పేరుతోనో బ్యాడ్మింటన్ పేరుతోనో ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. కానీ రగ్బీలో ఆ ఒక్క ముక్క తెలియకపోతే నేను పోల్చేదేమీ ఉండదు. రెండు జట్లూ భుజాలు ఆనించి తోసుకునే స్క్రమ్‌లో ముందు వరుసలో తోసే ప్రాప్ అయితే పాతికేళ్లు దాటాక గానీ రాటుదేలడు, కాబట్టి చదువుకి టైం ఉంటుంది. గ్రౌండ్ అంచున, వింగ్‌లో పరుగెత్తేవాడైతే చిన్న వయసులోనే పెద్ద జట్టులోకి రావచ్చు, కాళ్లలో వేగం తగ్గితే అంతే త్వరగా బయటికీ రావచ్చు.

నాకున్న భయాలూ చెబుతాను. మొదటిది డబ్బు. రగ్బీ యూనియన్‌లో, అంటే పదిహేను మంది ఆడే రగ్బీలో, జీతాలకు అధికారికంగా గేటు తెరిచింది 1995లోనే. క్లబ్బులు ఇంకా కుదురుకోలేదు. 2022-23 సీజన్ మొదలైన కొన్ని వారాలకే వూస్టర్, వాస్ప్స్ దివాలా తీశాయి. సీజన్ ముగిశాక లండన్ ఐరిష్ వంతు. ఇంగ్లండ్ టాప్ లీగ్ ప్రీమియర్‌షిప్ 13 జట్ల నుంచి 10కి పడిపోయింది. ఆ లండన్ ఐరిష్ మీ ఊరి స్టేడియంలోనే 2020 వరకు ఇరవై ఏళ్లు ఆడింది. అకాడమీ కుర్రాళ్లతో సహా అందరూ రోడ్డున పడ్డారు.

రెండోది తల. 2003 ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో హుకర్, అంటే స్క్రమ్ ముందు వరుస మధ్యలో ఉండేవాడు, స్టీవ్ థాంప్సన్. డిమెన్షియా వచ్చిందనీ, ఆ కప్పు గెలిచిన సంగతే గుర్తు లేదనీ 2020లో బయటపెట్టినప్పుడు ఆయన వయసు 42. ఇప్పుడు తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే మ్యాచ్ మధ్యలోనే బయటికి తీసుకెళ్లి పరీక్షిస్తారు, తలకు తగిలేలా ట్యాకిల్ చేస్తే, అంటే పట్టుకుని పడేస్తే, రెడ్ కార్డు కూడా ఇస్తారు. అయినా నాకు పూర్తిగా ధైర్యం చాలదు. మా ఇంట్లో పిల్లాడైతే నేనూ రాత్రి నిద్రపోను.

అయితే మీ ఉత్తరంలో దెబ్బల ఊసే లేదు, ‘మనవాళ్ల పిల్లలెవరూ’ అన్న మాట ఉంది. పెళ్లిలో ఎవరైనా అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగితే ఏం చెప్పాలన్నదేగా మీ బాధ? దానికి పిల్లాడి చేత మెడిసిన్ చదివిస్తారా? వేల్స్ జట్టులో సెంటర్ పొజిషన్‌లో ఆడిన జేమీ రాబర్ట్స్ కార్డిఫ్‌లో మెడిసిన్ చదువుతూనే 2009లో బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు లయన్స్‌కి ఆడాడు, 2013లో డాక్టర్ పట్టా తీసుకున్నాడు. అందరికీ సాధ్యం కాదు, నిజమే. కానీ 17 ఏళ్లకు ఒక తలుపు తెరిస్తే రెండోది మూసుకుపోతుందన్నది మన ఇళ్లలో పుట్టిన లెక్క. చుట్టాలకు చెప్పుకోవడానికి పేరే కావాలంటే, 2025లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ కూడా ఉంది. అది ఏడుగురి ఆట అనుకోండి, వాళ్లకు ఆ తేడా ఎలాగూ తెలియదు.

సంతకం పెట్టే ముందు అకాడమీ మేనేజర్‌ని అడగండి: గత ఐదేళ్లలో ఎంతమందికి సీనియర్ కాంట్రాక్ట్ ఇచ్చారు, సర్జరీ ఖర్చెవరిది, కాలేజీకి వారంలో ఎన్ని రోజులు వదులుతారు. నీళ్లు నమిలితే సంతకం ఆపండి.

అంతకంటే ముందు ఈ శనివారం మీవాడి మ్యాచ్‌కి వెళ్లండి. జెర్సీ వెనక 1 గానీ 3 గానీ ఉంటే ప్రాప్, 11 గానీ 14 గానీ ఉంటే వింగ్. ఆ నంబరు చూసి మళ్లీ రాయండి, అప్పుడు పోలుద్దాం.