త్రికటు చూర్ణం ముందు కూర్చున్న మా చిట్టికి

చిట్టీ,

అంబత్తూరు ల్యాబ్‌లో నీకు మొదటి పనిగా త్రికటు చూర్ణంలో, అదే సొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపిన పొడిలో, ఘాటునిచ్చే పైపరిన్ ఎంతుందో చూడమన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాకూ అదే మొదటిది. దాంట్లోనే దెబ్బ తిన్నాను.

అప్పట్లో నా బల్ల కిటికీ పక్కన ఉండేది. మెథనాల్‌లో తీసిన సాంపిల్‌ని మామూలు గాజు ఫ్లాస్కులో వదిలేసి భోజనానికి వెళ్లాను. మద్రాసు ఎండ సంగతి తెలుసుగా! ద్రావణంలో ఉన్న పైపరిన్‌కి వెలుతురు తగిలితే రూపు మారిపోతుంది, అవే అణువులు వేరే అమరికలో ఉండే ఐసోమర్లవుతుంది. ద్రావణంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషిన్లో పైపరిన్ పీక్ చిక్కిపోయింది. సరుకు నాసిరకమని రాసేశాను. పంపినాయన వచ్చి అరిచాడు, న్యాయమే మరి. స్టాండర్డు, అంటే పోల్చుకోడానికి పెట్టుకునే శుద్ధమైన పైపరిన్, సాంపిలు రెండూ వెలుతురు ఆపే గోధుమరంగు అంబర్ ఫ్లాస్కుల్లోనే చెయ్యి. లేకపోతే ఫాయిల్ చుట్టు. ఏ రోజువి ఆ రోజే మెషిన్‌కి ఎక్కించెయ్.

డబ్బా పైనుంచి చెంచాడు తీసి తూచకు. సొంఠి పీచు ఒకచోట, మెత్తటి పొడి ఒకచోట చేరిపోతాయి. పైనా, మధ్యా, అడుగునా తీసి కలిపి కుప్ప పోసి, నాలుగు పాళ్లు చేసి ఎదురెదురు రెండూ తీసుకో. కావలసినంతకి తగ్గేదాకా మళ్లీ అలాగే. తేమ 105 డిగ్రీల దగ్గర విడిగా చూసుకో. వడకట్టిన పిప్పిని పారెయ్యకుండా ఇంకోసారి మెథనాల్ పోసి ఎక్కించు. అందులోనూ పీక్ వస్తే మొదటిసారి పూర్తిగా దిగలేదన్నమాట.

అసలు చిక్కు వేరే ఉంది. పైపరిన్ మిరియాల్లోనూ ఉంది, పిప్పళ్లలోనూ ఉంది. పిప్పళ్లు ఎగ్గొట్టి మిరియాలే దండిగా పోసినా మెషిన్లో పైపరిన్‌ని చూసే 343 నానోమీటర్ల వెలుతురు దగ్గర నీ అంకె నిండుగానే వస్తుంది. సొంఠి సంగతి ఆ అంకె అసలే చెప్పదు, దానికి అల్లం ఘాటు పదార్థం జింజరాల్ చూడాలి. అందుకని ముందు మైక్రోస్కోపు కింద పెట్టు, పదార్థాల్ని చారలుగా విడదీసి చూపే హెచ్‌పీటీఎల్‌సీ ప్లేటు మీద నికార్సైన పిప్పళ్ల పక్కన పరుగెత్తించు.

ఆ నికార్సైనవి మద్రాసు మూలికల బజారు రాసప్ప చెట్టి వీధిలో పేరు నమ్మి కొనకు. అక్కడ తిప్పిలి అంటే మన పిప్పళ్లు, కండన్‌తిప్పిలి అంటే మన మోడి. అది కాయ కాదు, పిప్పళ్ల తీగ వేరు. మాట తడబడితే సంచి మారిపోతుంది. అరుంబాక్కంలోని సిద్ధ పరిశోధన సంస్థలో అడిగి గుర్తింపు చేయించుకో.

సాయంత్రానికే అంకె కావాలని మీ మేనేజరు తొందరపెడతాడు. పిప్పి రెండోసారి ఎక్కించలేదని చెప్పు. ఆదివారం వచ్చేటప్పుడు క్రోమాటోగ్రామ్ ప్రింట్లు పట్టుకురా, కళ్లజోడు మార్పించుకున్నాను.

మీ పెదనాన్న