పిల్లికి ఇన్సులిన్ వేస్తే తూలి పడిపోయింది, మానేయమంటారా?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హోస్కోట దగ్గర పల్లె. ద్రాక్ష తోట, నాలుగు ఆవులు ఉన్నాయి. మేత గదిలో ఎలుకలు పట్టే గండుపిల్లికి తొమ్మిదేళ్లు, ఐదు కిలోలుంటుంది, ఆపరేషన్ ఎప్పుడో చేయించాం. నీళ్లు తెగ తాగుతూ, బాగా తింటూనే చిక్కిపోతుంటే డాక్టర్ షుగర్ అని చెప్పి గ్లార్జిన్ ఇన్సులిన్ పూటకు ఒక యూనిట్ చొప్పున రెండు పూటలా రాశారు. మా అమ్మ సిరంజీలు ఇంట్లో ఉన్నాయి కదా అని వాటితోనే వేస్తున్నాను. మొన్న పొద్దున మందు బొచ్చు మీదే పోయిందనిపించి ఇంకోసారి వేశాను. మధ్యాహ్నానికి తూలుతూ గోడకు కొట్టుకుంది, అమ్మ చిగుళ్లకు తేనె రాస్తే లేచింది. భయమేసి అప్పటినుంచి సూది ఆపేశాను. ఈ మందు దానికి పడదా?

జవాబు: మందు పడకపోవడం కాదండీ, మోతాదు ఎక్కువైంది. మీ అమ్మగారి సిరంజీకి మూత ఎర్రగా ఉండి ఉంటుంది, చూడండి. అది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసింది. గ్లార్జిన్‌లో మామూలుగా మిల్లీలీటరుకు 100 యూనిట్లుంటాయి, దానికి నారింజ రంగు మూత ఉన్న సిరంజీ కావాలి. ఎర్ర మూత సిరంజీలో ఒక యూనిట్ గీత దాకా గ్లార్జిన్ లాగితే లోపలికి పోయేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. మొన్న రెండుసార్లు వేశారు, మొదటిది నిజంగా బొచ్చు మీద పోయిందో లేదో తెలియదు, రెండూ లోపలికే పోయి ఉంటే ఐదు యూనిట్లు! ఐదు కిలోల పిల్లికి అది ప్రాణం మీదికొచ్చే మోతాదు. అమ్మగారు చేసిన పని దాన్ని బతికించింది, ఆమెకు నా నమస్కారం చెప్పండి.

ఇప్పుడు ముందు చేయాల్సింది, ఈ రోజే పిల్లిని మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పడం. దగ్గర్లో వీలుకాకపోతే హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. సూది ఇలాగే ఆపేసి కూర్చోవద్దు, ఎందుకంటే ఇన్సులిన్ అందకపోతే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని మేత మానేసి వాంతులు చేసుకోవచ్చు, అదీ ప్రాణం మీదికి తెచ్చేదే. మళ్లీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఆయన షుగర్ చూసి చెప్పాలి. నారింజ మూతలో 30 యూనిట్ల చిన్న సిరంజీ, అర యూనిట్ గీతలున్నది అడిగి తీసుకోండి, పిల్లికి అదే వీలు. అమ్మగారి మందు తెల్లగా మబ్బుగా ఉండే మిక్స్ (రెండు రకాల ఇన్సులిన్ కలిపినది) అయితే అది దీనికి వాడకూడదు. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది, మన బెంగళూరు బయోకాన్ వాళ్ల బేసలాగ్ కూడా గ్లార్జినే. దాన్ని ఊపకూడదు, నీళ్లు కలపకూడదు, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాలి, గడ్డకట్టిందంటే పారేయాల్సిందే.

సూది ఎక్కడ వేస్తున్నారో మీరు రాయలేదు. చాలామంది మెడ మీద వేస్తారు, అంతకంటే పక్కటెముకల వెనక డొక్క మీద నయం, అదీ ఒక రోజు ఎడమ, ఒక రోజు కుడి. గిన్నెలో మేత పెట్టి అది తింటుండగా చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా పైకి లేపి, ఆ గుడారం కిందిభాగంలోకి ఒంటికి సమాంతరంగా సూది పోనిచ్చి నొక్కండి. అవతలి వైపు బయటికి పొడుచుకొచ్చిందో లేదో వేలితో తెలిసిపోతుంది. తీశాక బొచ్చు తడిగా ఉంటే మందు బయట పోయిందని అర్థం, అయినా సరే రెండోసారి వేయొద్దు. ఒక పూట తప్పితే షుగర్ కాస్త పెరుగుతుంది, అంతే. అదే రెండు డోసులు పడితే ఏమవుతుందో మీరు కళ్లారా చూశారు.

పన్నెండు గంటల తేడా పాటించండి, పాలు పితికే వేళకు కలిపి పెట్టుకుంటే మర్చిపోరు. తినకపోతే సూది వేయకుండా ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. అమ్మగారి గ్లూకోమీటర్‌తో చెవి అంచున చిన్నగా గుచ్చి చూసుకోవచ్చు, మనుషుల మీటర్ పిల్లికి కొంచెం తక్కువ చూపిస్తుంది. అయినా కొత్తలో సూదికి ముందు 200 కంటే తక్కువ వస్తే వేయకండి, అడిగి వేయండి. మళ్లీ తూలినా, వణికినా చిగుళ్లకు తేనె రాసి వెంటనే బయలుదేరండి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయొద్దు.

ఇంట్లో ఆవులున్నాయి కాబట్టి పాలన్నం, రాగి ముద్ద పెడుతుంటారేమో. పిల్లి మాంసం తినే జంతువు, కోడి, చేప, గుడ్డు దానికి సరైన మేత, అన్నం ముద్దలు తగ్గిస్తే షుగర్ కూడా తగ్గుతుంది. అయితే ఒక్కసారిగా మార్చొద్దు, మేత మారితే ఇన్సులిన్ మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు, డాక్టర్‌కు చెప్పే చేయండి. జబ్బు మొదట్లోనే ఇలా గట్టిగా పట్టుకుంటే కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది, మీది కూడా అలాగే బాగుపడాలని మనసారా కోరుకుంటున్నాను. అందాకా దాన్ని రాత్రిళ్లు తోటలోకి వదలకండి, ఎక్కడైనా షుగర్ పడిపోతే చూసేవాళ్లుండరు.

ఇంకొకటి, వాడిన సూదులు పేడ కుప్పలోకో మేతలోకో పోనివ్వొద్దు. ఆవు మింగిందంటే అది కడుపులోంచి గుండె దాకా పొడుచుకుపోవచ్చు. మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి, నిండాక డాక్టర్ దగ్గర ఇచ్చేయండి.