సూదులకు పో బిడ్డా, ఆ పొట్లం మాత్రం విప్పకు

నల్లగొండ,
ఆదివారం

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు నీ ధ్యాసే. ఎనిమిదేళ్ల నుంచి నడుము నొప్పి, నెలలో నాలుగైదు రోజులు మైగ్రేన్, ఏ దవాఖానకు పోయినా అవే గోలీలు. ఇప్పుడు మీ దగ్గర ఎవరో ఆక్యుపంక్చర్ అనే చైనా సూదుల వైద్యం చేస్తారని, వాళ్లిచ్చిన మూలికల పొడి పొట్లం ఇంట్లో పెట్టుకున్నానని చెప్పావు. "పెద్దమ్మా, నువ్వు రెండూ చూసినదానివి కదా, పోవాలా వద్దా" అని అడిగావు. చూశాను బిడ్డా. సూదులు నాకు మేలు చేశాయి, మందులు నన్ను మంచాన పడేశాయి. ఫోన్‌లో తొందర తొందరగా చెప్పే సంగతి కాదని కూర్చుని రాస్తున్నా. ఇది మొత్తం చదివేదాకా ఆ పొట్లం విప్పకు.

ముందు ఒక మాట. నొప్పి ఎందుకు వస్తుందో తేలకుండా ఏ వైద్యానికీ పోకూడదు. నీ నడుముకు ఎక్స్‌రే తీసి ఎన్నేళ్లయింది? కాళ్లు మొద్దుబారడం, ఒంటికి రెంటికి పట్టు తప్పడం, నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సూదుల దగ్గరికి కాదు, నేరుగా పెద్ద దవాఖానకు పోవాలి. తలనొప్పి కూడా అంతే. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా, పిడుగు పడ్డట్టు వచ్చినా, చెయ్యో కాలో పడిపోయినట్టున్నా, మాట తడబడినా గంట కూడా ఆగకూడదు.

ఇంకొకటి. నువ్వు పుట్టి పదిహేనేళ్లు పెరిగింది మర్రిగూడ వైపు. మనం తాగింది ఆ బోరు నీళ్లే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన బావులూ బోర్లూ ఆ హద్దును ఎన్నడో దాటాయి. మీ తాత నడుము వంగిపోయి, మెడ తిప్పాలంటే మనిషే మొత్తం తిరగాల్సి వచ్చేది, నీకు గుర్తుండే ఉంటుంది. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను ఏ సూదీ బయటికి తీయదు. నొప్పిని కొంత తగ్గిస్తే తగ్గించవచ్చు. కాబట్టి మీ డాక్టరుకు "నేను నల్లగొండ జిల్లా నీళ్లు తాగి పెరిగాను" అని నోరు తెరిచి చెప్పు. పాలమూరులో ఉన్న డాక్టరుకు ఆ సంగతి మనం చెబితే తప్ప తట్టకపోవచ్చు.

ఇక సూదుల సంగతి. మన దగ్గర సూది అంటే ఇంజెక్షనే. అందుకే మొదటిసారి ఇంట్లో చెబితే "రోజూ అన్ని సూదులా" అని అందరూ భయపడ్డారు. ఇది అది కాదు. ఇందులో మందు ఉండదు, లోపల బోలుగా ఉండదు. వెంట్రుక కన్నా రెండు మూడు రెట్లు లావు, మిల్లీమీటరులో పావు వంతు ఉంటుంది. పైన పట్టుకోవడానికి సన్నని తీగ చుట్టి ఉంటుంది. చిన్న గొట్టంలో పెట్టి వేలితో తడితే లోపలికి దిగిందని కూడా తెలియదు. దిగిన తర్వాత కొంచెం తిప్పుతారు. అప్పుడు ఆ చోట బరువుగా, లాగినట్టుగా, లోపల ఎవరో బొటనవేలితో అదిమినట్టుగా ఉంటుంది. నాకు మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, పిక్క ఎముకకు బయటి వైపు పెట్టిన సూదికి ఆ లాగుడు పాదం దాకా పోయింది. అది మామూలే. కరెంటు షాక్ కొట్టినట్టో, మంటగానో ఉంటే మాత్రం ఓర్చుకోకు, వెంటనే చెప్పు, తీసేస్తారు.

ఇది మన దేశానికి వచ్చిన తీరు నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. 1938లో చైనా మీద జపాన్ యుద్ధం చేస్తున్నప్పుడు మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు అక్కడి గాయపడ్డవాళ్లకు సేవ చేయడానికి వెళ్లారు. వాళ్లలో షోలాపూర్‌కు చెందిన డాక్టర్ కోట్నీస్ అక్కడే 1942లో చనిపోయారు. తిరిగి వచ్చినవాళ్లలో ఒకరు బిజయ్ కుమార్ బసు. ఆయన తర్వాత మళ్లీ చైనా పోయి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో చేయడం మొదలుపెట్టారు. 2019లో కేంద్ర ప్రభుత్వం దీన్ని ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది. అంతమాత్రాన బోర్డు కట్టిన ప్రతివాడూ నేర్చుకున్నవాడని కాదు. వారం రోజుల క్లాసుకు పోయి సూదులు పట్టినవాళ్లు కూడా ఉన్నారు.

పని చేస్తుందా అంటే, చైనావాళ్లు ఒంట్లో 'చీ' అనే శక్తి దారుల వెంట పారుతుందని, అది ఆగిన చోట నొప్పి వస్తుందని అంటారు. ఇప్పటి పరిశోధకులు నరాల గురించి, ఒంట్లో పుట్టే నొప్పి తగ్గించే రసాయనాల గురించి మాట్లాడతారు. 2018లో 39 పరిశోధనలు, 20,827 మంది రోగుల లెక్కలు ఒకచోట పెట్టి చూశారు. నడుము, మెడ, భుజం, మోకాలి అరుగుదల, తలనొప్పి, ఇలాంటి పాత నొప్పులకు సూదులు పెట్టించుకున్నవాళ్లకు పెట్టించుకోనివాళ్ల కన్నా నొప్పి బాగానే తగ్గింది. అయితే ఉత్తుత్తి సూదులు పెట్టించుకున్నవాళ్లతో పోలిస్తే తేడా తక్కువే. ఉంది, కానీ తక్కువ. అంటే ఆ పడుకోవడం, ఆ శ్రద్ధ, ఆ నమ్మకం కూడా కొంత పని చేస్తాయన్నమాట. నాకు దాంతో పేచీ లేదు, నొప్పి తగ్గితే చాలు. కానీ షుగరు పోతుందనీ, థైరాయిడ్ గోలీ మానెయ్యవచ్చనీ, కిడ్నీలు బాగవుతాయనీ ఎవరన్నా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. నీ బీపీ గోలీ ఒక్క రోజు కూడా ఆపకూడదు.

వెళ్లినప్పుడు నీ కళ్ల ముందే కొత్త సూదుల కవర్ చింపాలి. వాడిన సూదులు అక్కడే డబ్బాలో వేయాలి. "వేడి నీళ్లలో మరిగించాం" అంటే వద్దను, కామెర్లు అంటుకునేది అలాగే. చేతులు కడుక్కున్నారా లేదా చూడు. భుజాల వెనక, రొమ్ము మీద సూదులు పెడుతుంటే ఎంత లోతు పెడతారో అడుగు. లోతుగా పోతే ఊపిరితిత్తికి తగులుతుంది, అరుదే కానీ జరుగుతుంది. ఇంటికి వచ్చాక ఆయాసం, రొమ్ములో పోటు వస్తే దవాఖానకు పోయి "సూదులు పెట్టించుకున్నా" అని చెప్పాలి. ఖాళీ కడుపుతో పోకు. ఒక జొన్నరొట్టె తిని పో. మొదటిసారి కూర్చుని కాదు, పడుకుని పెట్టించుకో. నేను కూర్చుని పెట్టించుకుని కళ్లు తిరిగి పడబోయాను.

మీ ఆడబిడ్డ కూడా వస్తానంటోందన్నావు. ఆమెకు నెల తప్పింది కదా, ముందు తనను చూసే డాక్టరమ్మను అడగాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలోనూ, చీలమండకు పైన లోపలి వైపూ పెట్టే సూదులను గర్భిణులకు పెట్టరు. మీ అత్తమ్మ గుండెకు రక్తం పలచబడే గోలీ వేసుకుంటుంది, ఆమెను మాత్రం తీసుకుపోకు.

ఎన్నిసార్లు పోవాలంటే, వారానికి ఒకటో రెండో చొప్పున ఆరు నుంచి ఎనిమిది సార్లు. అప్పటికి తేడా లేకపోతే ఇంకో ఇరవై సార్లు పోయినా రాదు. ముందే ముప్పై సిట్టింగులకు డబ్బు కట్టమంటే కట్టకు. ఒక నోటుబుక్ పెట్టు. రోజూ పడుకునే ముందు నాలుగు సంగతులు రాయి: నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత, ఎన్ని నొప్పి గోలీలు వేసుకున్నావు, ఆగకుండా ఎంతసేపు నిలబడగలిగావు, తలనొప్పి వచ్చిందా లేదా. గోలీల లెక్క ఎందుకంటే, నెలలో పదిహేను రోజులు నొప్పి గోలీలు మింగితే ఆ గోలీలే తలనొప్పి తేవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. నీ మైగ్రేన్‌లో ఎంత నీ గోలీల వల్ల వచ్చిందో నోటుబుక్కే చెబుతుంది.

నా నోటుబుక్ ఇంకా ఉంది. ముప్పై ఏళ్లు బడిలో నిలబడి పాఠం చెప్పిన మోకాళ్లు, కాపీలు దిద్దీ దిద్దీ పట్టేసిన మెడ. మొదటి మూడుసార్లకు ఏమీ లేదు, మెడ ఏడు, మోకాళ్లు ఎనిమిది అనే రాసి ఉంది. ఐదోసారి తర్వాత మెడ నాలుగుకు దిగింది. ఎనిమిదోసారికి రాత్రి నిద్రలో పక్క మారితే మెలకువ రాలేదు. మోకాళ్లు ఆరు దగ్గరే ఆగాయి, అంతకన్నా దిగలేదు. అయినా క్లాక్ టవర్ దాకా మధ్యలో కూర్చోకుండా నడిచిన రోజున తారీఖు కింద గీత గీసి పెట్టుకున్నా. తొడ కండలకు ఫిజియోథెరపీవాళ్లు చెప్పిన కసరత్తు కూడా అప్పుడే మొదలుపెట్టా. ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేను. నువ్వు కూడా కసరత్తు వదలొద్దు.

ఇప్పుడు ఆ పొట్లం.

మోకాళ్లు ఆరు దగ్గర ఆగిపోయాయని నాకు ఆశ పుట్టింది. ఒకరు చైనా మూలికల గోలీలని నల్లటి చిన్న గోలీలు ఇచ్చారు. కవర్ మీద చైనా అక్షరాలు, మందుల పేర్లు మనకు అర్థమయ్యే భాషలో ఒక్కటి లేదు. రెండో రోజుకే మెట్లు ఎక్కాను. ఆకలి పెరిగింది, ఒంట్లో హుషారు. మీ అమ్మకు ఫోన్ చేసి "దేవుడే పంపాడు" అని కూడా చెప్పాను. రెండు నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, చెప్పులు పట్టలేదు. ఎన్నడూ లేని షుగరు 280 చూపించింది. డాక్టరు నా ముఖం చూసి "ఏం మింగుతున్నావమ్మా" అని అడిగారు. గోలీలు చూపించాను. ఇందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని చెప్పారు. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని, లెక్క పెట్టి వారాల తరబడి తగ్గించారు. ఆ వారాల్లో నేను మంచం దిగలేదు. మీకెవరికీ చెప్పలేదు, సిగ్గేసింది. ఇప్పుడు నీ కోసం చెబుతున్నా. పాత నొప్పికి వాడే మూలిక చాలావరకు మెల్లగానే పని చేస్తుంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అందులో ఏం కలిపారో అని అనుమానపడు.

కల్తీ లేని మూలిక కూడా మూలికే కదా అని ఊరుకోకూడదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్లలో వంద మందికి పైగా కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలవడం వల్ల జరిగింది. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఆ రెండో మూలిక ఎవరి జాతో తెలుసా? మన రేగడి చేలల్లో మొలిచే గాడిదగడపాకు జాతి. మన నాయనమ్మ కడుపులో పురుగులకని పసరు తాగించేది, ఆ ఆకే. అది చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అతిమధురం చాలా చైనా మిశ్రమాల్లో ఉంటుంది. అది ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. నీకు బీపీ ఉంది. మాహువాంగ్ అనే మూలిక గుండె వేగం పెంచుతుంది, అమెరికాలో 2004లో దాన్ని కలిపిన సప్లిమెంట్లను నిషేధించారు. వసనాభి జాతి వేరు సరిగ్గా ఉడికించకపోతే గుండె లయ తప్పుతుంది. మీ అత్తమ్మ గోలీతో డాన్‌షెన్, జింకో లాంటి మూలికలు కలిస్తే రక్తం కారడం ఆగకపోవచ్చు. ఆమెకు కూడా అదే పొడి చెంచాడు ఇద్దామనుకున్నావేమో, ఆ పని చేయకు.

చైనా మందులన్నీ చెడ్డవని నేను అనను. మలేరియాకు ప్రపంచమంతా వాడే ఆర్టెమిసినిన్ అక్కడి చింగ్‌హావ్ అనే మొక్క నుంచే వచ్చింది. పాత గ్రంథంలో ఆ ఆకును మరిగించకుండా నీళ్లలో నానబెట్టి పిండమని ఉన్న మాట పట్టుకుని తూ యూయూ అనే ఆమె దాన్ని తీసింది. 2015లో నోబెల్ ఇచ్చారు. కానీ ఆమె ఎంత మోతాదో కొలిచింది, ముందు తన మీదే పరీక్షించుకుంది. నీ పొట్లం మీద ఏ మూలిక ఎన్ని గ్రాములో కూడా రాసి లేదు.

ఎప్పుడైనా నిజంగా చదువుకున్న వైద్యుడు దొరికి మూలికలు వాడాలనుకుంటే, పేర్లన్నీ కాగితం మీద రాయించుకుని మీ డాక్టరుకు చూపించు. మొదలు పెట్టే ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ పరీక్ష, లివర్ పరీక్షలు చేయించు. మూత్రం ముదురు రంగుకు మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ రోజే ఆపి దవాఖానకు పో. స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానముంటే మాత్రం డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకు.

వచ్చే శనివారం రా. కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వచ్చే బస్సు పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం అన్నానికి ఇంట్లో ఉంటావు. పాత ఎక్స్‌రేలు, గోలీల చీటీ తెచ్చుకో. ఆ పొట్లం పారేయకు, కవర్‌తో సహా తీసుకురా, నన్ను కాపాడిన డాక్టరుకు చూపిద్దాం. సూదులకు మొదటిసారి నేనే నీ వెంట వస్తా, పక్కన కూర్చుంటా.

మీ పెద్దమ్మ