అమెరికాలో మాంద్యం అంటున్నారు, అమ్మాయిని ఎంఎస్‌కు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈ చివరి సంవత్సరం. క్యాంపస్‌లో ఏడాదికి 4 లక్షల ఉద్యోగం వచ్చింది. అమెరికాలో ఎంఎస్ సీటూ వచ్చింది. ఇల్లు తనఖా పెట్టి 40 లక్షలు తేవాలి. అక్కడ ఉద్యోగాలు తీసేస్తున్నారని రోజూ వింటున్నాం. పంపాలా, ఆగాలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి అక్కడ ఉద్యోగం వెతికేది ఇప్పుడు కాదు, రెండేళ్ల తర్వాత. అప్పటి మార్కెట్ ఎలా ఉంటుందో ఈనాటి వార్తలు చెప్పలేవు. 2021లో కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకుంటుంటే చూసి విమానమెక్కిన పిల్లలు 2023లో పట్టా చేతికొచ్చేసరికి దిక్కులు చూశారు. మధ్యలో జరిగిందేమిటంటే, 2022 జూన్‌లో అక్కడి ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. దాన్ని దించడానికి ఆ దేశ కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీ రేటును 2023 జూలై నాటికి 5.25–5.50 శాతానికి తీసుకెళ్లింది. చౌకగా అప్పు పుట్టడం ఆగగానే టెక్ కంపెనీలు నియామకాలకు కళ్లెం వేశాయి.

కాబట్టి మాంద్యం వస్తుందా అని కాదు, వస్తే ఆ దేశం ఉద్యోగిని ఏం చేస్తుందని అడగండి. జర్మనీలో ‘కుర్జ్‌ఆర్బైట్’ అనే పద్ధతి ఉంది. పని తగ్గితే కంపెనీ మనిషిని తీసేయకుండా పని గంటలు తగ్గిస్తుంది, కోల్పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వ వ్యవస్థ ఇస్తుంది. 2009లో ఆ దేశ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. అమెరికా తీరు వేరు. అక్కడ తీసేయడమూ త్వరగానే, తీసుకోవడమూ త్వరగానే. 2020 ఏప్రిల్‌లో 14.8 శాతానికి ఎగసిన నిరుద్యోగం 2021 డిసెంబరుకు 4 శాతం లోపుకు దిగింది.

ఉద్యోగం పోయి మళ్లీ దొరికేదాకా ఆ మధ్యకాలాన్ని స్థానికులు నిరుద్యోగ భృతితో నెట్టుకొస్తారు. విద్యార్థి వీసా మీదున్నవారికి ఆ వెసులుబాటు ఎక్కడిది? చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకోనిచ్చే అనుమతి ఓపీటీ. దాని మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆపైన ఉద్యోగ వీసా హెచ్1బీ కోసం లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్నారు, అక్కడే ఉండి వీసా మార్చుకునేవారికి వర్తించదని మరుసటి నెలలో వివరణ ఇచ్చారు. రెండేళ్లకు ఇందులో ఏది మిగులుతుందో చూసుకోవాలి.

ఇక అసలు లెక్క. 40 లక్షలకు 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 55 వేల కిస్తీ. చదువుకునే కాలంలో పేరుకున్న వడ్డీ దీనికి అదనం. క్యాంపస్ ఉద్యోగంలో నెలకు వచ్చేది 33 వేలు. ఎంఎస్ చేసి తిరిగొస్తే ఇంతకంటే ఎక్కువే రావచ్చు గానీ, ఆ జీతం కిస్తీకే సరిపోతే ఇంటి పత్రాలు బ్యాంకులో ఉన్న తండ్రికి నిద్ర పట్టదు.

నా మాట: ఈ ఏడాది ఇల్లు తనఖా పెట్టకండి. సీటును ఏడాది వాయిదా వేయగలరా అని అమ్మాయి చేతనే విశ్వవిద్యాలయానికి మెయిల్ రాయించండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. డిపాజిట్ కట్టే గడువుకు ముందే అడగాలి, కన్సల్టెన్సీ వాళ్లు తొందరపెట్టినా సరే. ఈలోగా ఉద్యోగంలో చేరనివ్వండి. ఆ ఏడాదిలో ఫీజు తక్కువున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు వెతికి, అప్పు 20–25 లక్షలకు దిగితే అప్పుడు నిశ్చింతగా పంపండి. జర్మనీ వైపూ ఒకసారి చూడండి. అక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. భాష మాత్రం నేర్చుకోక తప్పదు, ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు మొదలుపెట్టవచ్చు.