ఆయా చేతికి కారు తాళాలు ఇచ్చే ముందు

"పిల్లల్ని బడికీ, ఆటలకీ ఇకపై ఆయానే కారులో తీసుకెళ్లాలి. లైసెన్సు చూశాం, 12 ఏళ్ల అనుభవం ఉందంటోంది. ఇంకేమైనా చూడాలా?" అని అడిగారు.

చూడాల్సింది చాలానే ఉంది. ముందుగా ఆ 12 ఏళ్ల మాట పక్కన పెట్టండి. తప్పుడు అలవాట్లతోనే అన్నేళ్లూ నడిపి, అదృష్టం కొద్దీ ఏమీ కాకుండా బయటపడ్డవాళ్లు కూడా అదే మాట చెబుతారు. లైసెన్సు కూడా అంతే. ఒకప్పుడు ఒక పరీక్ష పాసయ్యారని చెబుతుంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటుంటే ఎలా నడుపుతారో చెప్పదు. అయినా అసలు కార్డు చేతిలోకి తీసుకుని గడువు తేదీ, ఏ రకం బండికి ఇచ్చారో, కళ్లద్దాలు పెట్టుకోవాలన్న షరతు ఉందేమో చూడండి. జరిమానాలు, సస్పెన్షన్ల రికార్డు ఇచ్చే పద్ధతి మీ దగ్గర ఉంటే దాన్ని ఆవిడ చేతే తెప్పించండి. బీమా కంపెనీని "మేం జీతమిచ్చే మనిషి రోజూ నడుపుతారు, పాలసీ వర్తిస్తుందా?" అని సూటిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఆవిడ సొంత కారైతే ఇది మరీ ముఖ్యం. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ జీతానికి చేసే పనికి వర్తించకపోవచ్చు.

ఈ కాగితాల పని ఒక పూటలో తేలిపోతుంది. మనిషి సంగతి తెలిసేది బండిలో కూర్చున్నాకే.

మొదటిసారి పిల్లలు లేకుండా వెళ్లండి. రోజూ వెళ్లాల్సిన దారిలోనే, రోజూ వెళ్లాల్సిన వేళకే. ఆదివారం ఖాళీ రోడ్డు మీద నడిపించి చూస్తే ఏమీ తెలియదు. ముందు సీట్లో కూర్చుని "మీరెప్పుడూ నడిపినట్టే నడపండి" అని చెప్పి ఊరుకోండి. కనీసం 40 నిమిషాలు పట్టాలి. మొదటి పది నిమిషాలు ఎవరైనా జాగ్రత్తగానే నడుపుతారు, అసలు అలవాట్లు ఆ తర్వాతే బయటికొస్తాయి. ఎక్కే ముందు బండి వెనక్కి వెళ్లి ఒకసారి చూశారా? సీటు, అద్దాలు తనకు తగ్గట్టు సర్దుకున్నారా, లేక మీరు ఉంచినట్టే వదిలేశారా? ముందు బండి ఏదైనా స్తంభం దాటగానే లెక్కపెట్టండి. మీరు అదే స్తంభం దగ్గరికి చేరడానికి రెండు సెకన్లైనా పట్టాలి, వానలో ఇంకా ఎక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఆ రెండు సెకన్ల ఎడం కూడా లేకపోతే బ్రేకు మీద కాలు పడేలోపే అంతా అయిపోతుంది. వరసగా ఆగి ఉన్న బండ్ల పక్కనుంచి పోతున్నప్పుడు ఆవిడ కుడి పాదం చూడండి. అది యాక్సిలరేటర్ వదిలి బ్రేకు మీదికి వచ్చిందంటే, ఆ సందుల్లోంచి పిల్లాడెవరైనా పరుగెత్తుకు రావచ్చని తెలిసిన మనిషే.

రెండోసారి పిల్లలతో వెళ్లండి. ఈసారి మీ చోటు వెనక, పిల్లల పక్కన. నాటకాలేం అక్కర్లేదు, ఇరవై నిమిషాల్లో నీళ్ల సీసానో బొమ్మో తప్పకుండా కింద పడుతుంది, ఏడుపు మొదలవుతుంది. మీరు తీసివ్వకండి. ఆవిడ భుజాన్నే గమనించండి. చెయ్యి వెనక్కి చాచితే భుజం తిరుగుతుంది, భుజంతో పాటు స్టీరింగ్ కూడా ఆ పక్కకి లాగుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు వెనక్కి చూస్తే బండి 22 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. మంచి డ్రైవరైతే రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "ఆగాక తీసిస్తా నాన్నా" అంటారు, ఏడుపు ఆగకపోతే వీలైన చోట పక్కకి ఆపి తీసిస్తారు. ఈ ఒక్క సంగతిలో తప్పితే మిగతా అన్నిటిలో నెగ్గినా నేనైతే తాళాలు ఇవ్వను.

వేగాన్ని పసిగట్టే యాప్ పెట్టాం కదా అని ధీమాగా ఉంటారు కొందరు. బ్రేకు గట్టిగా పడిందని యాప్ చెబుతుంది. ఆ క్షణంలో చూపు ఎక్కడుందో చెప్పదు.

ఇక చైల్డ్ సీటు. మీరు బిగించి ఇవ్వకండి. పూర్తిగా విప్పేసి, మాన్యువల్ చేతికిచ్చి ఆవిడ్నే బిగించమనండి. బెల్టు సీటులోంచి పోయే చోట పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. వెనక్కి తిరిగి ఉండే సీటులో భుజం పట్టీలు భుజాల ఎత్తులోనో కాస్త కిందనో, ముందుకి తిరిగి ఉండే సీటులో భుజాల ఎత్తులోనో కాస్త పైనో ఉండాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత చిక్కితే వదులుగా ఉన్నట్టే. లావుపాటి కోటు తొడిగి బిగిస్తే బిగువు కోటుకే తప్ప పిల్లాడికి కాదు, అందుకే కోటు విప్పాకే పట్టీలు. వెనక్కి తిరిగి ఉండే సీటును, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. ఎవరో వాడి ఇచ్చిన పాత సీటును, దాని చరిత్ర తెలియకుండా మాత్రం వాడకండి. కారుకి లక్షలు పోసి, పిల్లల ప్రాణం నిలబెట్టే వస్తువు దగ్గర పొదుపు చేయడం నాకు మింగుడుపడదు.

ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషమైనా పిల్లల్ని వదలకూడదు. ఎండలో లోపలి వేడి పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. ఆవిడ సంచి వెనక సీటు దగ్గరే పెట్టే అలవాటు చేయండి. దిగేటప్పుడు వెనక తలుపు తీయక తప్పదు.

ఇప్పుడు మీ సంగతి. ఆయా ఎంత జాగ్రత్తపరురాలైనా ఆమెను ప్రమాదంలోకి నెట్టేది చాలాసార్లు ఇంటివాళ్లే. బండి నడుపుతున్నారని తెలిసీ "ఎక్కడున్నారు?" అని ఫోన్ చేస్తారు. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని మాట్లాడినా ధ్యాస రోడ్డు మీదుండదు. చేరాక మెసేజ్ పెట్టమనండి, అంతవరకు మీరూ చేయకండి. ప్రయాణానికి పావుగంట ఎక్కువ సమయం కేటాయించి, ఆలస్యమైతే ఫర్వాలేదని ముందే చెప్పండి, చెప్పాక నిజంగానే ఏమీ అనకండి. రాత్రంతా పసిబిడ్డతో మేల్కొన్న మనిషికి పొద్దున్నే తాళాలు ఇవ్వకండి. 17 గంటలు మెలకువగా ఉంటే, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నంతగా చురుకు తగ్గుతుంది. మగత తెచ్చే జలుబు మందు వేసుకున్న రోజూ అంతే. "ఈ రోజు నడపలేను" అన్నందుకు జీతం కోస్తే, మర్నాడు ఆ మాట రాదు.

బండికి గీత పడిందని జీతంలో కోసేవాళ్లను చూస్తే ఇంకా బాధగా ఉంటుంది. మొదటి గీతకి డబ్బు కోస్తే రెండోసారి గట్టిగా గుద్దుకున్నా దాస్తారు. గట్టి దెబ్బ తగిలిన చైల్డ్ సీటు పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. గుద్దుకున్న సంగతే మీకు తెలియక, మర్నాడు పొద్దున్న అదే సీటులో పిల్లాణ్ణి కూర్చోబెడతారు.