ఆదాయపు పన్ను రిటర్న్ వేసి మూడు నెలలైనా రీఫండ్ రాలేదు, ఏం చేయాలి?

ముందు ఈ-వెరిఫై (రిటర్న్ మీరే వేశారని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) అయ్యిందో లేదో చూడండి. రిటర్న్ వేసిన 30 రోజుల్లో అది చేయకపోతే ఫైలు కదలదు. చేశాక మామూలుగా నాలుగైదు వారాల్లో డబ్బు పడుతుంది.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో ‘రీఫండ్ ఫెయిల్డ్’ అని ఉంటే మాత్రం చిక్కు చాలావరకు బ్యాంకు ఖాతాలోనే. మనవాళ్లకు ఇంటిపేరుతో వచ్చే తంటా ఇది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్‌లో ఒక్క ఇనీషియల్. పేర్లు కలవక ఖాతా వ్యాలిడేట్ కాదు, అంటే అది మీదేనని పోర్టల్ ఒప్పుకోదు. బ్యాంకులో పేరు సరిచేయించి, ఖాతాను మళ్లీ వ్యాలిడేట్ చేసి, ‘రీఫండ్ రీఇష్యూ’ రిక్వెస్ట్ పెట్టండి.

పాత పన్ను బకాయి ఉంటే రీఫండ్‌ను అందులో సర్దుకుంటారు. ముందు నోటీసు వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి.

ఆలస్యానికి నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు, రీఫండ్ మొత్తం, మీరు కట్టాలని తేలిన పన్నులో 10 శాతం కన్నా తక్కువైతే తప్ప. ఆ వడ్డీ మీదా పన్ను ఉందండోయ్!