ఫ్రీ జాజ్ ఆల్బమ్ వింటే అంతా గోలలా ఉంది, అసలు ఎలా వినాలి?

శాక్సఫోన్ వాయించే ఆర్నెట్ కోల్‌మన్ ఆల్బమ్ 'ఫ్రీ జాజ్' (దాదాపు అంతా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్) మూడుసార్లు మొదలుపెట్టి ఐదో నిమిషంలోనే ఆపేశానని, ఎనిమిది మంది ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తుంటే అందులో ఏం వినాలని అడిగారు. నేనూ అక్కడే ఆపేసేవాణ్ని. నాకు దారి దొరికింది మాత్రం పాడైపోయిన ఇయర్‌ఫోన్ వల్ల.

దేవరకొండ నుంచి నల్లగొండకు రోజూ బస్సులో వెళ్లే రోజులవి. ఎడమ చెవిది వైరు వంచి పట్టుకుంటేనే మోగేది, వదిలితే పోయేది. ఒకరోజు పట్టుకునే ఓపిక లేక కుడి చెవితోనే విన్నాను. సగం గోల మాయం! ఒక బేస్ క్లారినెట్ (మంద్రంగా పలికే పెద్ద క్లారినెట్), ఒక ట్రంపెట్, ఒక బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం), ఒక డ్రమ్స్, అంతే. ఆ బేస్ క్లారినెట్ ముసలాయన గొంతు సవరించుకున్నట్టు కిందెక్కడో గురగురలాడి, ఉన్నట్టుండి కీచుమని పైకి లేస్తోంది. దాని వెంటే పడి విన్నాను, నల్లగొండ బస్టాండ్ ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

ఇంటికెళ్లి చదివితే అప్పుడు అర్థమైంది. 1960 డిసెంబర్ 21న న్యూయార్క్‌లో దీన్ని రికార్డు చేసినప్పుడు నలుగురేసి చొప్పున రెండు జట్లు కూర్చున్నాయి. కోల్‌మన్, డాన్ చెర్రీ ఉన్న జట్టు ఎడమ చానెల్‌లో, ఎరిక్ డాల్ఫీ, ఫ్రెడ్డీ హబ్బర్డ్ ఉన్న జట్టు కుడి చానెల్‌లో వినిపిస్తాయి. నేను విన్న క్లారినెట్ డాల్ఫీది.

కాబట్టి మీరూ ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకోండి. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. ఫోన్‌లో మోనో ఆడియో ఆన్‌లో ఉంటే మాత్రం తీసేయండి, లేకపోతే రెండూ కలిసిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత రెండు చెవులతో విన్నప్పుడు నాకు మా ఊరి పీర్ల పండుగ గుర్తొచ్చింది. అలావా (పీర్ల ముందు వేసే మంట గుండం) దగ్గర డప్పులు కాపేటప్పుడు ఒక్కొక్కరూ మంట మీద తిప్పి, చిటికెన పుల్లతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని చూసేవాళ్లు. ఆ తర్వాత చెరో వాడ నుంచి రెండు జట్లు వచ్చి ఎదురుపడేవి. ఏ జట్టూ తన దరువు ఆపదు. కాసేపు గుద్దులాటే. చూస్తుండగానే ఒకరు ఎదుటివాళ్ల దెబ్బను పట్టుకుని తన దాంట్లో కలిపేస్తారు. చిన్నప్పుడు దాన్ని గోల అని ఎవరం అనలేదు మరి!

ఎవరైనా ఇలా వాయించేయొచ్చు అనే మాటతో మాత్రం నేను ఒప్పుకోను. సోలోకీ సోలోకీ మధ్య అందరూ కలిసి ఊదే చిన్న చిన్న ముక్కలు ముందే అనుకున్నవి. సోలో ఒకరిదైనా మిగతావాళ్లు మధ్యలో అందుకుంటారు. చివర్లో రెండు బేస్‌లు, ఆ తర్వాత ఇద్దరు డ్రమ్మర్లు మిగులుతారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే, ముందు అది విన్నా తప్పులేదు.

37 నిమిషాలు మరీ ఎక్కువనిపిస్తే అదే రోజు వాయించిన 'ఫస్ట్ టేక్' ఉంది, 17 నిమిషాలే. 1971లో బయటికొచ్చింది.

శాక్సఫోన్‌తో ఇవాన్ పార్కర్, గిటార్‌తో డెరెక్ బెయిలీ, డ్రమ్స్‌తో హాన్ బెన్నింక్ కలిసి 1970లో చేసిన ఆల్బమ్ 'ద టోపోగ్రఫీ ఆఫ్ ద లంగ్స్' ఇప్పుడే పెట్టకండి. ముగ్గురే కదా, తేలికే అనుకుంటారు, ఆ ఎనిమిది మందికంటే కష్టం. నాకే ఇంకా పూర్తిగా ఎక్కలేదు. ప్రస్తుతానికి బెన్నింక్ డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని వింటున్నాను.